గురువు లేని మేయరు

స్టీవ్ కార్బెట్‌కి నా పేరు పలకడానికి నోరు తిరగదట, పదిహేనేళ్లుగా జిమ్మీ అనే పిలుస్తాడు, భీమయ్య, మూడే అక్షరాలు, మెల్బోర్న్ నుంచి వచ్చిన మంత్రి గారి పేరు, ఆయన బిరుదులు, ఆయన వంశం మాత్రం వేదిక మీద గుక్క తిప్పుకోకుండా చదివేస్తున్నాడు చూడు, పొట్ట మీద మేయరు గొలుసు ఊగుతోంది, కర్రపని నేర్పడానికి కట్టిన ఈ కొత్త పనిబడి హాల్లో మూడు వందల మంది, అందరూ అతని కర్రతో కట్టిన ఇళ్లలోంచి వచ్చినవాళ్లే, వంతెన అతను వేయించిందే, చర్చి పైకప్పు అతనిదే, మంటలార్పే బండి అతను ఇచ్చిందే, మర్రే నది మీద తిరిగే పొగ ఓడల్లో సగం అతని మిల్లు కర్రే, కాదనను, చేశాడు, కానీ కర్రని తట్టి మంచిచెడ్డలు చెప్పడం ఎవరు నేర్పారు, అది చెప్పు స్టీవ్, చెప్పి ఎన్ని బిరుదులైనా చదువుకో, టోపీ తియ్యి భీమా అంటోంది పక్కన బ్రిడ్జెట్, నా భార్య, ఐర్లండు మనిషి, ఈ ఊళ్లో నా పేరు సరిగా పలికే నోరు అదొక్కటే, తియ్యను, తీస్తే అతనికి తీసినట్టవుతుంది, ఒళ్లో గోనెగుడ్డలో చుట్టిన బాడిస తొడల మీద ఒత్తుకుంటోంది, దీన్ని తెమ్మన్నది కూడా అతనే, పోయిన మంగళవారం మిల్లు మేనేజరు ఇంటికొచ్చాడు, మేయరు గారు విద్యార్థిగా ఉన్న రోజుల్లో పట్టిన మొదటి పనిముట్టట, బడి గోడకి తగిలిస్తారట, వేదికెక్కి చేతికిచ్చి దిగిపో, మాట్లాడక్కర్లేదు, ఇప్పుడుంటున్న ఈ మిల్లు వాళ్ల ఇంట్లోనే బతికినంతకాలం ఉండొచ్చు అన్నాడు, ఇవ్వకపోతే అన్నాను, అతను కిటికీలోంచి పెరట్లోకి చూసి, కోళ్లు బాగా పెంచుతోందే మీ ఆవిడ, ఎక్కడికైనా పోవాలంటే వీటితో కష్టం అన్నాడు.

విద్యార్థి, ఆ మాట మాత్రం నిజం, పంతొమ్మిదేళ్ల స్టీవ్, అరచేతుల నిండా బొబ్బలు, కళ్లకి గంతలు కట్టి దుంగల మధ్య నిలబెట్టేవాణ్ణి, బాడిస వెనక్కి తిప్పి దుంగని కొట్టి, చెప్పరా, చేవా, డొల్లా, తప్పు చెబితే మళ్లీ కొట్టు, మళ్లీ విను, చెవి దగ్గర పెట్టు, ముక్కు దగ్గర పెట్టు, అలా మూడు చలికాలాలు, కోరంగిలో ఓడలు కట్టే రేవులో మా నాన్న నాకు నేర్పినట్టే, తొమ్మిదో ఏట వీధిబడి మాన్పించి రేవుకి తీసుకుపోయాడు, అక్షరాలు అక్కడే ఆగిపోయాయి, కర్ర మాత్రం వచ్చింది, ఆ కర్ర పట్టుకునే ఓడ వడ్రంగిగా బయల్దేరి మెల్బోర్న్‌లో దిగి మళ్లీ ఓడెక్కలేదు, దిగినందుకు ఏడవలేదు, ఇప్పుడూ ఏడవను, గురూ అనేవాడు అప్పట్లో, నేను నేర్పిన మాటే, బాగానే పలికేవాడు, అప్పుడే నది వంపులో అర్జీ పెట్టుకున్నవాళ్లకి భూములిస్తున్నారు, నీ పేరూ నీ రంగూ చూస్తే అర్జీ అడుక్కి తోసేస్తారు గురూ, నా పేరున పెడదాం, తర్వాత మార్చుకుందాం అన్నాడు, సరే అన్నాను, చెట్లు కొట్టింది నేను, మొద్దులు పెకలించింది నేను, కంచె వేసింది నేనూ బ్రిడ్జెట్టూ, ఒక్క కాగితం రాయించుకో భీమా అని ఆమె ఎంత పోరిందో, కసిరి పారేశాను, మా రేవులో శిష్యుడి దగ్గర కాగితం రాయించుకున్న గురువు మొహం ఎవరూ చూడరు, నేను నేర్పింది వట్టిది అని తనే ఒప్పుకున్నట్టు, శిష్యుడి తప్పు నలుగురిలో పెట్టినా అంతే, శిష్యుడొకడు మోసం చేస్తే మా నాన్న చచ్చేదాకా నోరు విప్పలేదు, అర్జీ పెట్టిన ఆరో ఏడు ఒక పొద్దున వెళ్లేసరికి నా కంచె లోపల అతని ఆవిరి రంపం నడుస్తోంది, ఏంటిది స్టీవ్ అంటే, నదికి దగ్గర కదా జిమ్మీ అన్నాడు, అదే మొదటిసారి నేను జిమ్మీ అవడం, ఆ మిల్లు ముందు పడవల రేవు వచ్చింది, రేవు పక్కన కొట్లొచ్చాయి, కొట్ల వాళ్లు కౌన్సిల్లో కుర్చీ ఇచ్చారు, కుర్చీకి గొలుసు వేలాడింది, నేను మాత్రం నా నేల మీదే కూలికి దుంగలు తట్టాను, ఒక్కడితో అనలేదు, శిష్యుడు కదా.

ఇప్పుడు తన విద్యార్థి రోజుల దగ్గరికొచ్చాడు, గొంతు మెత్తబడింది, ముందు వరసలో కొత్తగా చేరినవాళ్ల వైపు తిరిగి అంటున్నాడు, నాకు బడి లేదు, గురువు లేడు, ఈ అడవే నేర్పింది, నా చెవులే నేర్పాయి, ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు, చప్పట్లు, ఎంతకీ ఆగవు, మా జిమ్మీ, నా దగ్గర మొట్టమొదట చేరిన పనివాడు, ఆ పనిముట్టు తెస్తాడిప్పుడు, మళ్లీ చప్పట్లు, బ్రిడ్జెట్ నా మోకాలి మీద చెయ్యి వేసింది, ఇచ్చేసి రా, ఈ వయసులో ఇల్లు వెతుక్కోలేం అంది, నిజమే, వెతుక్కోలేం, కానీ విన్నావా బ్రిడ్జెట్, ఏమన్నాడో విన్నావా, గురువు లేడన్నాడు, మూడు వందల మంది ముందు అతనే అన్నాడు, అంటే నేను వాడికి గురువుని కాను, కానప్పుడు మా రేవు కట్టుబాటు నాకేంటి, ఎవరి పరువు కాయడానికి పదిహేనేళ్లు నోరు కుట్టుకున్నాను, ఆ కుట్టు నేను విప్పలేదు నాన్నా, అతనే విప్పాడు, బాడిస ఆమె ఒళ్లో పెట్టి లేచాను, వద్దంటుందనుకున్నాను, గోనెగుడ్డ దగ్గరికి లాక్కుని సరే పో అంది, మెట్లు నాలుగు, రెండో మెట్టు పచ్చి కర్ర, కాలికే తెలుస్తోంది, ఏదీ జిమ్మీ అని చెయ్యి చాపాడు, ఎవరి దగ్గరా చాపలేదన్న చెయ్యే, నేను నీ ఇంటికి రాలేదు స్టీవ్, హాలుకి వచ్చాను, అందరూ వినాలి, నీకు గురువు లేడన్నావు, మంచిది, అయితే నేను నీకేమీ కాను, ఏమీ కానివాడి భూమి నీ మిల్లు కింద ఎందుకుంది, అన్నాను, స్టీవ్ మంత్రి వైపు చూసి నవ్వబోయాడు, మంత్రి నవ్వలేదు, ఎంత భూమి అని నన్నే అడిగాడు, ఇన్నేళ్లలో నన్ను ఆ మాట అడిగినవాడు లేడు, ఇల్లు పోతుంది, పోనీ, చదవడం రాకపోతేనేం, సర్వేయరు వెంట కొలత గొలుసు పట్టుకుని నది అంచంతా నడిచింది నేనే, సర్వేయరు పైకి చదివిన ఎకరాలూ, ఎకరంలో ముక్కలైన రూడ్లూ పెర్చిలూ చెవితో విన్నది నేనే, చెప్పాను, నూట పద్నాలుగు ఎకరాల మూడు రూడ్ల పదిహేడు పెర్చిలు.