మొగులన్న గ్లాసు

మా ఆయన ఐలయ్య పొద్దున్నే రెండు గ్లాసుల చాయ్ పోయించుకోవడం మొదలుపెట్టిన రోజే నాకు ఒళ్లు మండింది. ఒకటి తను తాగుతాడు. రెండోది గడప పక్కన పెట్టి, అది చల్లారేదాకా దాని వంకే చూస్తూ కూర్చుంటాడు.

"ఎవలికయ్యా గది?" అన్నాను.

"మొగులన్నకు."

మొగులన్న పోయి పదేళ్లు దాటింది. నాకు నోరెక్కువని ఇస్నాపూర్‌లో అందరికీ తెలుసు. అలాంటిదాన్ని, చీపురు అందుకుని ఆ గడప వదిలేసి మిగతా వాకిలంతా ఊడ్చాను. నిజం చెప్పాలంటే భయమేసింది.

మొగులన్న మా ఆయనకి సొంత అన్న కాదు. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీలో ఇద్దరూ బాయిలర్ మీద ఒకే షిఫ్టు చేసేవారు. ఎనభై తొమ్మిదిలో మా ఆయన చెయ్యి మెషిన్ బెల్టులో పడి నుజ్జయింది. రక్తం కారిపోయి మనిషి తెల్లగా పాలిపోయాడు. దవాఖానలో ఎక్కించడానికి రక్తం లేదన్నారు. అప్పుడు మొగులన్న చొక్కా చెయ్యి పైకి మడిచి, "నాది తీసుకోండ్రి సారూ, ఎంత కావాల్నంటే అంత తీసుకోండ్రి" అని బల్ల మీద పడుకున్నాడు. అప్పటినుంచి వాళ్లిద్దరూ అన్నదమ్ములు. నాకు మొగులన్న బావ. మా ఇంట్లో కోడిని కోస్తే పక్కూరు చిట్కుల్‌లో వాళ్లింటికి కూర గిన్నె పోవాల్సిందే.

కొన్నేళ్లకి మొగులన్న కళ్లు పచ్చబడ్డాయి, కడుపు కుండలా ఉబ్బింది. చివరికి నెత్తురు కక్కుకుని పోయాడు. కల్లు కాంపౌండుకి పోయే అలవాటుంది కాబట్టి, తాగి తాగి చచ్చాడని ఊరంతా తేల్చేసింది. ఆయన భార్య పోశమ్మ పీనుగు ముందు కూర్చుని ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. "మమ్ముల బజార్ల పడేసి పోయిండు" అంది, అంతే.

తర్వాత చాన్నాళ్లకి మా ఆయనకి నీరసం పట్టుకుంటే రక్తపరీక్ష చేశారు. హెపటైటిస్ సి అన్నారు. లివర్‌ని తినే పురుగట. "ఎప్పుడైనా రక్తం ఎక్కించారా?" అని హైమావతి డాక్టరమ్మ అడిగింది. మా ఆయన తన వంకర చెయ్యి వైపు చూసుకున్నాడు. ఆ చూపు చూసి నాకూ అర్థమైంది.

ఏడాదిపాటు వారం వారం సూది. సూది వేసిన రోజల్లా చలిజ్వరం. జుట్టు ఊడింది, అన్నం వాసనే పడకపోయేది, చీటికిమాటికి నా మీద విరుచుకుపడేవాడు. అన్నీ భరించాను. ఆఖరికి రక్తంలో పురుగు లేదన్నారు. మా కిరాణా కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ ఆ రోజు బెల్లం, పుట్నాలు పంచాను. పీడ విరగడైందని ఎంత సంబరపడ్డానో!

ఆరునెలలకి మళ్లీ పరీక్ష చేస్తే, తిరిగొచ్చిందన్నారు.

"మందు పడుతున్నంతకాలం దాక్కుందమ్మా, ఆపగానే బయటపడింది. కొంతమందిలో ఇలా అవుతుంది. ఇందులో మీ తప్పేం లేదు" అంది డాక్టరమ్మ. "లివర్ ఇంకా పూర్తిగా పాడవలేదు. పరీక్షలు చేయించుకుని రండి, మందు మార్చి మళ్లీ మొదలుపెడదాం. ఆలస్యం మాత్రం చెయ్యకండి."

మర్నాడు పొద్దున్నే రెండో గ్లాసు.

"దవఖానకు ఎప్పుడు పోదాం?" అని నేను రోజూ పోరేదాన్ని.

"పోనే."

"సావనీకే తయారైనవా?"

"నా ఒంట్ల ఉన్నది గాయన నెత్తురే. ఏడాది సంది సూదులు పొడిపిచ్చుకుని గాయన్ని ఎల్లగొట్టిన. యాడికి పోతడే? తిరిగి తిరిగి మల్ల నా తానకే వచ్చిండు. పానమిచ్చినోన్ని ఎన్నిసార్లు గెదుముత?"

ఈ మాటకి చదువుకున్నవాళ్లయితే నవ్వుతారేమో. నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే నాకూ తెలుస్తోంది. కొట్లో పప్పు తూస్తుంటే వెనక ఎవరో దగ్గినట్టుండేది. అది మొగులన్న దగ్గే, గొంతులో ఏదో అడ్డంపడ్డట్టు దగ్గేవాడు. వసారాలో బీడీ వాసన వచ్చేది. మా ఇంట్లో బీడీ తాగేవాళ్లు లేరు. మా గదుల్లో కిరాయికుంటున్న ఒడిశా పిల్లలు కూడా ఏం తోచిందో ఏమో, ఆ గ్లాసుని దాటకుండా చుట్టూ తిరిగి పోయేవారు. ఒకనాడు చూద్దును కదా, గ్లాసులో చాయ్ సగమే ఉంది. పిల్లి తాగిందిలే అనుకున్నాను. మా ఇంట్లో పిల్లి ఎక్కడిది?

మా ఆయన మాత్రం రోజురోజుకీ చిక్కిపోతున్నాడు. ఇక నాకు భయం పోయి కోపం నెత్తికెక్కింది. ఆయన డ్యూటీకి పోయాక నడుం మీద చేతులు పెట్టుకుని ఆ గ్లాసు ముందు నిలబడ్డాను.

"ఏం బావా, నీకు జెరంత శరం ఉన్నదా? పానమిచ్చినట్టే ఇచ్చి మల్ల తీస్కపోతవా? నీకు ఇల్లు లేదా, పెండ్లాం లేదా? పోయి ఆమె చేతి చాయ్ తాగరాదూ!"

అనేశాక ఆగిపోయాను. అవును, ఎందుకు పోడు? నాలుగు రోజుల్లో పెత్రమాస. ఆ అమావాస్యనాడు ప్రతి ఇంట్లో పోయినవాళ్ల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తాం. పోశమ్మ తన అత్తకీ మామకీ ఇస్తుంది. మొగుడి పేరు మాత్రం ఒక్క ఏడూ ఎత్తలేదు. సొంతింట్లో పిడికెడు గింజలు పుట్టని మనిషి మా గడప పట్టుకోక ఏం చేస్తాడు?

వెంటనే కొట్టు మూసి చిట్కుల్ పోయాను. పోశమ్మ అరుగు మీద చిక్కుడుకాయలు గిల్లుతోంది.

"అక్కా, ఈసారి బావ పేరు మీద బియ్యమియ్యి."

"తాగి సచ్చినోనికి నా ఇంట్ల గింజ లేదు. వేరే ముచ్చటుంటే చెప్పు."

"తాగుడొక్కటే కాదక్కా. మా ఆయనకున్న పురుగే బావకూ ఉండే. బావ నెత్తురుల నుంచే వచ్చింది మాకు. కల్లు దాన్ని జల్దీ పెంచిందేమో గని, తెచ్చింది కల్లు కాదు. డాక్టరమ్మనే చెప్పింది."

"మరి గాయనకు యాడికెల్లి వచ్చింది?"

"ఏమో. ఉడకబెట్టని సూదితోని గూడ వస్తదట."

పోశమ్మ చేతులు ఆగిపోయాయి.

"సచ్చేముందు ఒట్టు పెట్టిండే చెల్లె" అంది. "'నీ మీదొట్టు పోశీ, రెండేండ్ల సంది కల్లు ముట్టలే' అన్నడు. నేను నమ్మలే. నెత్తురు కక్కుతుంటే గూడ నోరు దగ్గరికి వోయి వాసన చూసిన."

అప్పుడు ఏడ్చింది. పీనుగు ముందు ఏడవాల్సినదంతా ఆ అరుగు మీద ఏడ్చింది. పక్కన కూర్చుని వీపు నిమిరాను.

కళ్లు తుడుచుకుంటూ ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది. "గప్పుడు జరమొస్తె సూదులేసెటోడు ఇంటికొచ్చెటోడు. ఒక్కటే సూది. గాయనకేసినంక నాకేసెటోడు."

ఇంటికొచ్చి ఆ మాట మా ఆయనతో చెప్పాను. అన్నం ముందు కూర్చున్నవాడు కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలేశాడు.

"వదినకు గూడనా?"

"పరీక్ష చేస్తెగద తెలిసేది! ఒక్కతే యాడికి పోతది, ఎవల్ని అడుగుతది?"

పెత్రమాసనాడు పోశమ్మ మొగుడి పేరు గట్టిగా, ఇరుగుపొరుగు వినేలా చెప్పి బియ్యమిచ్చింది. చిక్కుడుకాయ వండి మా ఇద్దరికీ వడ్డించింది. మా ఆయన మారు అడిగి తిన్నాడు. చూస్తుంటే నా కడుపు నిండింది.

మర్నాడు పొద్దున్నే తయారై నిలబడ్డాడు. "వదినను దవఖానకు తోల్కపోత."

"మరి నువ్వు?"

"ముందుగాల సూదికి నా చెయ్యి పెడత. నన్ను చూసి ఆమె భయపడకుంట పెడ్తది." అంటూ చొక్కా చెయ్యి పైకి మడుచుకున్నాడు. మొగులన్న మడిచినట్టే మడిచాడు.

వాళ్లు ఆటో ఎక్కిపోయారు. ఆ రోజు రెండో గ్లాసు ఎవరూ అడగలేదు. నేనే పోసి గడప పక్కన పెట్టి, దాని పక్కనే చతికిలబడ్డాను.

"కూసో బావా" అన్నాను. "వాల్లొచ్చేదాక నాతోని కూసో. నీకు బియ్యం ముట్టినయి, పేరు ముట్టింది. ఇగ వాల్లిద్దర్ల ఒక్కర్ని గూడ నీ ఎంట రమ్మని అడగకు. నీ కాల్మొక్త."

చాయ్ చల్లారి మీగడ కట్టేదాకా అక్కడినుంచి లేవలేదు.