బీరు కుండ మీది మబ్బు

ఆ శీతాకాలం అమెరికా ఉత్తరపు కొసనున్న డులూత్ ఊళ్లో పడ్డ మంచులో సగం ఆర్విడ్ ఒక్కడే తోశాడు. మిగతా సగం అతని బండి చప్పుడు విని తనంతట తనే ఊరి పక్క సరస్సులోకి దూకింది. రాత్రంతా మునిసిపాలిటీ మంచు తోసే బండి నడపడం, పొద్దెక్కాక ఇంటికొచ్చి బూట్లు విప్పే ఓపిక లేక మెట్ల మీదే కూలబడడం, ఇదీ వరస.

అతనికున్న సుఖమల్లా సొంతంగా బీరు కాచుకోవడం. ఏళ్ల తరబడి వరండాలో గ్యాసు పొయ్యి మీద కాచాడు. ఆ ఏటి చలికి సిలిండరు కూడా మొండికేసింది. సరే అని తన బీరు కార్ఖానాని ఇంటి నేలమాళిగలోకి దించాడు. గీజరు కాయిలొకటి తెచ్చి, పీపా అంత స్టీలు కుండకి తనే కన్నం పొడిచి బిగించాడు. ఆ మోతకి మూడు వీధుల కుక్కలు చర్చిలోకి పరిగెత్తాయి. వైరింగు మాత్రం స్నేహితుడు డ్వేన్ చేశాడు.

"ఒరేయ్, దీనికి గట్టి కరెంటు కావాలి. బట్టలారబెట్టే మిషను ప్లగ్గొకటే గతి. ఒక్కటి గుర్తుపెట్టుకో. ముందు నీళ్లు, తర్వాత స్విచ్చి. తిరగేశావో, ఇల్లంతా వెచ్చగా అయిపోద్ది."

"నేనేం పసివాణ్ణా?"

"పసివాడికైతే భయంలేదు. వాడికి నిద్ర చాలుతుంది."

మొదటిసారి మరిగించిన రోజున ఆవిరి బయటికి దారిలేక కప్పు కింద మబ్బై కూర్చుంది. అప్పుడు గొర్రెపిల్లంత ఉండేది. నెల తిరక్కుండా బర్రెంతయింది. వచ్చినవాళ్లు దాని కింద తల వంచుకుని నడిచేవారు, అంతే.

దానితో పడలేకపోయింది ఆర్విడ్ భార్య మార్లిస్ ఒక్కతే. ఆమె పగలంతా ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. మిషను ప్లగ్గు బీరు కుండ పాలయ్యాక, ఇంటి బట్టలు నేలమాళిగలో తాడు మీద ఆరేసేది. ఆరీ ఆరకముందే మబ్బు వాటి మీద కురిసేది.

"పనిలోనూ తడి దుప్పట్లే, ఇంట్లోనూ తడి దుప్పట్లే," అంది ఒక శుక్రవారం, కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేక. "రేపు అరిజోనాలో చెల్లెలి దగ్గరికి పోతున్నా. అక్కడ ఎండ కాస్తుందిట."

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

"నేను ఆరాక."

మర్నాడు పొద్దున్నే ఆర్విడ్ డ్యూటీ దిగి సరాసరి నేలమాళిగలోకి వచ్చాడు. ఆఖరుగా ఒక కుండ కాయాలి, కుండ దగ్గర మార్లిస్‌ని కూర్చోబెట్టుకుని, వెళ్లకుండా ఉండమని అడగాలి. కళ్లు మూతలు పడుతున్నాయి. స్విచ్చి వేశాడు. నీళ్లు పట్టడానికి గొట్టం అందుకున్నాడు. అది చేతిలో ఉండగానే కుర్చీలో నిద్రపోయాడు. ఆ గురకకి సరస్సు మీది మంచు ఆ చివరిదాకా బీటలు వారింది.

వట్టి కుండలో కాయిలు ఎర్రబడింది. పైన తాడు మీది దుప్పటి అంచు కమిలి పొగలేసింది.

కమురు వాసనకి మార్లిస్ సర్దుకుంటున్న పెట్టె అలాగే వదిలి, మెట్లు దిగి వచ్చింది. అప్పటికే మబ్బు కప్పు వదిలింది. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మలా నెమ్మదిగా కుండలోకి దిగి, ఉన్నదంతా కురిసేసింది. చుయ్యిమంది. కుండ అంచుదాకా నిండింది. కప్పు కింద ఏమీ మిగల్లేదు.

మార్లిస్ ఆ ఖాళీకేసి కాసేపు చూసింది. మొగుడి వేళ్లలోంచి గొట్టం విడిపించింది. కుండ మీద చెయ్యి పెట్టి సెగ చూసి, బార్లీ నూక సంచీ విప్పి పోసి, తెడ్డు పట్టుకుంది.

కోటు జేబులో ఫోను మోగింది.

"ఏమే అక్కా, బయల్దేరావా?" అంది చెల్లెలు.

"లేదే. కుండ వేడెక్కింది, కలిపేవాళ్లు లేరు," అంది మార్లిస్, గొంతు తగ్గించి. "ఈయనేమో ఇప్పుడే నిద్రపోయాడు."