కారణమున్న అలసట

ఆమె బీన్స్ ఈనెలు తీస్తూ ఉండగా వీధిలోంచి ఆమె గొంతే ఆమెకు వినబడింది. మైకు కట్టిన మున్సిపాలిటీ బండి మలుపు తిరిగి ఇంటి ముందు నుంచి మెల్లగా పోతోంది. "నగర ప్రజలకు విజ్ఞప్తి. అకారణంగా అలసట అనిపించినా, ఒళ్ళు బరువుగా ఉన్నా అశ్రద్ధ చేయకండి. వెంటనే దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి రండి." గడ్డం నిండా సబ్బు నురగతో భర్త స్నానాలగదిలోంచి తల బయటపెట్టి, "మైకులో ఎంత మెత్తగా మాట్లాడతావో. ఆ గొంతు కాస్త ఇంటిక్కూడా తేకూడదూ" అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వుతూనే కూరగిన్నె పొయ్యి మీదికెక్కించి, కూతురి టిఫిన్ డబ్బా కడిగి, అత్తగారి కంటి చుక్కల సీసా వెతుక్కుంటూ హాల్లోకి వెళ్ళింది. నడుం పట్టేసినట్టుంది. కాళ్ళు తనవి కానట్టున్నాయి. నిన్న అన్ని మెట్లెక్కి దిగితే ఉండదా మరి, అనుకుంది.

ఆమె ఆ నగరానికి ఆరోగ్య ఉపాధికారి. కొత్త వైరస్ ఊళ్ళోకొచ్చి ఎన్నాళ్ళో కాలేదు. దగ్గేవాళ్ళకు దూరంగా ఉండమనీ, చేతులు కడుక్కోమనీ చెబుతున్నారు. దగ్గు రాకముందే, ఒట్టి అలసటగా ఉన్న రోజుల్లోనే అది ఇతరులకు అంటుకుంటుందని అప్పటికింకా ఎవరికీ తెలియదు. జనం భయపడి తలుపులు తీయడం లేదని మీటింగులో అనుకున్నప్పుడు పెద్దసారు బల్ల చుట్టూ చూసి, "మేడం వెళ్తే బాగుంటుంది. ఆడమనిషి అయితే జనం మాట వింటారు" అన్నాడు. ఆ బల్ల దగ్గర ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి ఆమె. అంతకు కాసేపటి ముందే, టీ ఇంకా రాలేదేంటో కాస్త చూస్తారా మేడం అని ఆమెనే అడిగారు. ఆమె టీ సంగతీ చూసింది, వీధుల సంగతీ చూడ్డానికి ఒప్పుకుంది.

నిజానికి ఆ తిరగడం ఆమెకి ఇష్టంగానే ఉండేది. మగ అధికారులు జీపు దిగకుండా మాట్లాడే చోట ఆమె మెట్ల మీద కూర్చునేది. ముసలమ్మల చేతులు పట్టుకుని వినేది. తల్లి ఫారం నింపుతుంటే చంటిపిల్లని తాను ఎత్తుకునేది. వాళ్ళిచ్చిన టీ తాగకపోతే చిన్నబుచ్చుకుంటారని తాగేది. ఆమె వస్తోందంటే గొళ్ళాలు వాటంతటవే తెరుచుకునేవి. "మా ఆరోగ్యమ్మ వచ్చింది" అనేవారు. ఆ పేరు విన్నప్పుడల్లా ఆమెకి సిగ్గూ గర్వమూ కలిసి వచ్చేవి. ఇంట్లో ఆమెకి అలాంటి ముద్దుపేరేమీ లేదు.

ఆమె కారు డ్రైవర్‌ని ఆఫీసులో అందరూ రేడియో అంటారు. స్టీరింగు పట్టుకుంటే నోరు మూతపడదు. ఊళ్ళో ఎవరి పిల్ల ఎవర్ని చేసుకుందో, ఏ ఇంజనీరు ఏ ఇంజనీరుతో మాట్లాడటం మానేశాడో అన్నీ అతనికి కావాలి. అలాంటివాడు ఆ రోజుల్లో ఆమె వెనక సీట్లో తల వాల్చగానే మాట మధ్యలో మింగేసేవాడు. హారన్ల రొద లోపలికి రాకుండా అద్దాలన్నీ పైకెత్తేవాడు. రైల్వే యార్డు చుట్టూ తిరిగే దూరపు దారి పట్టేవాడు. ఒకసారి ఆమె ఉలిక్కిపడి లేచేసరికి కారు ఒక గోడ నీడలో ఆగి ఉంది. ఎందుకాగామని అడిగితే, "సిగ్నల్ పడింది మేడం" అన్నాడు. ఆ వీధిలో సిగ్నలే లేదు. ఆమె ఏమీ తెలియనట్టు జుట్టు సవరించుకుని, పోనివ్వమంది.

ఇంట్లోవాళ్ళు చెడ్డవాళ్ళని ఆమె ఎన్నడూ అనుకోలేదు. భర్త కాలేజీలో చరిత్ర చెబుతాడు, మంచి పాఠం చెబుతాడని పేరు. ఆమె గిన్నెలు తోముతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి కబుర్లు చెబుతాడు, ఆమె విసుక్కుంటే నొచ్చుకుని, "ఒక్క మాట చెప్పొచ్చుగా, చేసేవాణ్ణిగా" అంటాడు. ఆ ఒక్క మాట ఎన్నిసార్లు చెప్పాలో, ఎవరికి ఏం చెప్పాలో గుర్తుపెట్టుకోవడం కూడా ఒక పనే అని ఆమె అతనికి చెప్పాలనుకునేది, అది చెప్పడానికి తీరిక దొరికేది కాదు. అత్తగారు, ఆమె ఉద్యోగంలో చేరిన రోజు తల నిమిరి, "చేసుకో అమ్మాయ్, నేను కాదనను. ఇల్లు మాత్రం ఇల్లులా ఉండాలి" అంది. ఆ మాట ఆమెలో గోడకి దిగిన మేకులా ఉండిపోయింది. ఇల్లు ఇల్లులాగే ఉంది, ఎప్పుడూ. కూతురు ఒకసారి బళ్ళో అమ్మ గురించి రాయమంటే, మా అమ్మ ఎప్పుడూ అలసిపోదు అని రాసింది. ఆమె దాన్ని చదివి మురిసిపోయింది కూడా.

ఒక సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి అత్తగారు వరండా కుర్చీలోనే ఉంది. రోజూ ఆ వేళకి నాలుగు వీధులూ చుట్టి, అందరి యోగక్షేమాలూ మోసుకొచ్చే మనిషి. భర్త పేపర్లు దిద్దుకుంటూ, అమ్మ ఇవాళ బద్ధకించిందని నవ్వాడు. ఆమె చెప్పులు విప్పలేదు. వంగి, అత్తగారి మొహంలోకి చూసి, ఒళ్ళు బరువుగా ఉందా అత్తయ్యా అని అడిగింది. అత్తగారు తల ఊపడానికి కూడా ఆలోచించింది. ఆమె ఆవిణ్ణి లేపి నిలబెట్టి, తన నడుం చుట్టూ ఆవిడ చెయ్యి వేసుకుని, అలాగే ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

అనుమానమే నిజమైంది. ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు. తండ్రీ కూతుళ్ళకి ఏమీ లేదు. పరీక్షలు చేసిన డాక్టరు, ఇంకా చదువు వాసన పోని అమ్మాయి, ఆమెను పక్కగదిలోకి పిలిచి తలుపు మూసింది.

"మేడం, మీ అత్తగారికి ఇది మొన్నమొన్న అంటుకున్నదే. మీ ఒంట్లో మాత్రం చాన్నాళ్ళుగా ఉంది. మీ దగ్గర్నుంచే ఆవిడకి వెళ్ళింది. మీకు ఏమీ అనిపించలేదా? అలసటగానైనా?"

"ఉంది" అందామె. "కానీ దానికి కారణం ఉందిగా."

ఆమె గోడకున్న ప్రకటన బొమ్మ వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ బొమ్మ కింద అచ్చువేసిన మాటలు ఆమె రాసినవే. అకారణంగా అని రాసిందీ తనే. ఆ రాసిన రోజు ఆమె మనసులో ఎవరున్నారు? పొద్దున్నే హాయిగా నిద్రలేచి, తన పళ్ళెం తన ముందుకి వస్తే తిని, బయటికెళ్ళి ఒక పని చేసుకుని, తిరిగొచ్చి కాళ్ళు చాపుకునే మనిషి. అలాంటి మనిషికి అలసట వస్తే అది వార్త. నడుం నొప్పి లేని రోజు ఎప్పుడుందో గుర్తులేని మనిషికి, బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడే నిద్రపోగలిగిన మనిషికి, జ్వరం వస్తే ముందు రేపటి కూర సంగతి తలచుకునే మనిషికి, జబ్బు తలుపు తట్టి లోపలికొచ్చి కూర్చున్నా కొత్తగా ఎవరొచ్చారని తెలుస్తుంది? అంతలో ఆమెకి ఆ చంటిపిల్లలు గుర్తొచ్చారు. ముసలమ్మల చేతులు గుర్తొచ్చాయి. మూసిన కారు అద్దాలు గుర్తొచ్చాయి.

అత్తాకోడళ్ళను ఒకే గదిలో పెట్టారు. ఊళ్ళో ఆమె తిరిగిన వీధులన్నిట్లో జబ్బు బయటపడసాగింది. టీవీలో ఆమె ఫొటో వేసి, ఊరంతా తిరిగి అంటించిన అధికారిణి అన్నారు. అంతకు కొద్దిరోజుల ముందే పెద్దసారుకీ జబ్బు సోకింది. ఆయనా సభలకెళ్ళాడు, దండలు వేయించుకున్నాడు, వందమందితో చేతులు కలిపాడు. ఆయన్ని మాత్రం ప్రజాసేవలో అస్వస్థులయ్యారన్నారు. ఆయన తిరిగితే పర్యటన, తను తిరిగితే తిరుగుళ్ళు. ఈ తేడా ఆమెకి కొత్త కాదు. ఈసారి దాని మీద కోపం తెచ్చుకునే హక్కు తనకుందో లేదో తెలియలేదు, ఎందుకంటే పోయినవాళ్ళు నిజంగానే పోతున్నారు.

డ్రైవర్ అదే జబ్బుతో మగవాళ్ళ వార్డులో పోయాడు. నర్సు వచ్చి చెప్పి వెళ్ళాక ఆమె చాలాసేపు ఫోను చేతిలో పట్టుకుని కూర్చుని, చివరికి అతని భార్యకు చేసింది. అవతల ఆవిడే మాట్లాడింది.

"నాకు మీ మీద కోపం లేదని చెప్పలేనమ్మా. కానీ మీరు కునుకు తీసిన రోజు ఆయన ఇంటికొచ్చి ఎంతో సంబరంగా చెప్పేవాడు. ఇవాళ మేడం కాసేపు పడుకున్నారు, పిల్లిలా నడిపాను బండి అని."

ఆమె ఫోను పెట్టేసి గోడ వైపు తిరిగింది. వెనక మంచం కిర్రుమంది. అత్తగారు సెలైన్ గొట్టం చేత్తో పట్టుకుని, ఆయాసపడుతూ వచ్చి ఆమె మంచం అంచున కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆవిడ కోడలి మంచం మీద కూర్చోవడం అదే మొదలు. ఇన్నేళ్ళలో ఇద్దరూ ఒకే చోట, ఏ పనీ లేకుండా ఉండటమూ అదే మొదలు. ఆవిడ ఆమె వీపు మీద చెయ్యి వేసి రాస్తూ కూర్చుంది, బిడ్డకి రాసినట్టు.

"నేను కుర్చీలోంచి లేవలేదని నువ్వు కనిపెట్టావే. చెప్పులైనా విప్పకుండా కనిపెట్టావు. నిన్ను కనిపెట్టడానికి ఇంట్లో మేం ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరికీ కళ్ళు లేకపోయాయి."

"ఒకాయనకి ఉన్నాయి అత్తయ్యా" అంది ఆమె. అప్పుడు ఏడ్చింది. అత్తగారూ ఏడ్చింది. నర్సు తొంగిచూసి, ఊపిరితిత్తుల జబ్బువాళ్ళు ఇలా ఏడవకూడదని ఇద్దర్నీ కలిపి కోప్పడింది.

మర్నాడు, కోలుకుని ఆఫీసుకొచ్చిన పెద్దసారు ఫోన్ చేశాడు. పత్రికలవాళ్ళు తనని పీక్కుతింటున్నారన్నాడు. లక్షణాలు తెలిసీ మేడం దాచారా అని అడుగుతున్నారట. ఏ లక్షణమూ లేదని ఒక్క మాట చెప్పేస్తే మిగతాది తను చూసుకుంటానన్నాడు. ఆయన మాటలో దయ ఉంది, అది ఆమెకి అర్థమైంది. ఆ ఒక్క మాటతో ఆమె ఉద్యోగం, పరువు రెండూ నిలబడతాయి.

"లేదని చెప్పలేను సార్. అలసట ఉంది. అది జబ్బని నాకు తెలియలేదు, అంతే. నాలాంటి ఆడవాళ్ళు ఊళ్ళో ఎంతమందున్నారో, వాళ్ళెవరికీ తెలీదు. ముందు ప్రకటనలో అకారణంగా అన్న మాట తీసేయించండి. కారణం ఉన్నా లేకపోయినా రమ్మనండి."

అలా అయితే ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చేస్తారు కదా మేడం అన్నాడు. రానివ్వమంది.

వచ్చారు. పిల్లల్ని చంకనేసుకుని, పనిచేసే ఇళ్ళ నుంచి, కుట్టుమిషన్ల దగ్గర్నుంచి, ఆఫీసుల్లోంచి అరపూట సెలవు పెట్టి వచ్చారు. నాకేం లేదు, ఊరికే అలసటగా ఉంది అని మొహమాటపడుతూ వచ్చారు. వాళ్ళలో చాలామందికి జబ్బు ఉంది. వాళ్ళంతా వాళ్ళ ఇళ్ళల్లో వండి వడ్డిస్తున్నవాళ్ళే. ఆ వారం నుంచే ఊళ్ళో జబ్బు తగ్గుముఖం పట్టిందని తర్వాత లెక్కలు వేసినవాళ్ళు చెప్పారు. ఆమె మీద విచారణ మాత్రం మొదలైంది, అది ఇంకా నడుస్తూనే ఉంది. పోయినవాళ్ళ ఇళ్ళకి ఒక్కొక్కదానికీ వెళ్ళాలని ఆమె నిశ్చయించుకుంది. తలుపు తీసినా తీయకపోయినా సరే.

ముందుగా అత్తగారు, ఆ తర్వాత ఆమె ఇంటికొచ్చారు. ఆమె వచ్చిన ఉదయం ఇల్లు మరీ ఇల్లులా లేదు. సోఫా మీద మడతపెట్టని బట్టలున్నాయి, వంటింట్లో ఏదో మాడిన వాసనుంది. కూతురు మెడ పట్టుకుని వదల్లేదు. భర్త చిక్కిపోయాడు. వేళ్ళ మీద రెండు చోట్ల కాలిన మచ్చలు. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఆసుపత్రి గేటు దాకా వచ్చి లోపలికి రానివ్వక ఎన్నిసార్లు వెనక్కెళ్ళాడో చెప్పబోయి ఆగిపోయాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఆమెను వంటింట్లోకి తీసుకెళ్ళి, ఏ డబ్బాలో ఏం పెట్టాడో పిల్లాడిలా ఒక్కొక్కటీ తెరిచి చూపించాడు. బీన్స్‌కి ఈనెలుంటాయని తనకిన్నాళ్ళూ తెలియదన్నాడు. సాయంత్రమయ్యేసరికి ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్రొచ్చేదట, కాలేజీలో పాఠం మధ్యలో ఏం చెబుతున్నాడో మర్చిపోయేవాడట.

"నువ్వెలా చేశావే ఇదంతా? సరేలే, వచ్చేశావుగా. బాగా కోలుకో. అప్పుడు నీ వంటిల్లు నీకు అప్పగించేస్తాను."

ఆమె అతని చెయ్యి పట్టుకుని కాలిన వేళ్ళు చూసింది. వాటిమీద మెల్లగా ఊదింది. అతని మీద ఆమెకి అంత ప్రేమ కలిగి చాలా కాలమైంది.

"అప్పగించొద్దు" అంది. "మీ వాటా మీ దగ్గరే ఉండనివ్వండి. అలసట లేకపోతే నా ఒళ్ళు ఎలా ఉంటుందో నాకు ఒకసారి తెలియాలి. అది తెలియకపోతే, ఈసారి జబ్బు చేసినప్పుడు నాకెలా తెలుస్తుంది?"