ఏడు పెట్టెలు రాకముందే

ప్రైమరీ రోజు మధ్యాహ్నం మా అక్క ఒలీటా మంచం మీద కూర్చుని నాచేత సంచి సర్దించింది. రెండు ఉన్ని చొక్కాలు, మెత్తటి చెప్పులు, పళ్ళసెట్టు డబ్బా, మా అమ్మ ఫోటో.

"ఇంకా ఎవరూ గెలవలేదు కదే అక్కా," అన్నాను.

"గెలిచాక సర్దుకోనిస్తారా? బంగాళాదుంపల బస్తాలా ఎత్తి బండిలో పడేస్తారు. ఆ నీలం గౌను పైన పెట్టు. పోయేటప్పుడు ముష్టిదానిలా కనబడకూడదు."

ఒలీటాకు ఎనభై ఏడు, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ఆరేళ్ళుగా కౌంటీ వృద్ధాశ్రమంలో ఉంటోంది. మా ఇంటి నుంచి అక్కడికి పది నిమిషాల నడక, రోజూ పోతాను. ఆ ఆశ్రమాన్ని అమ్మెయ్యాలని కౌంటీని నడిపే ముగ్గురు కమిషనర్లలో ఒకడంటాడు, వద్దని ఇంకొకడంటాడు. మూడో కుర్చీ ఖాళీ అవుతోంది. అమ్ముతానని డ్వైట్ కాస్టో నిలబడ్డాడు, అమ్మనివ్వనని హార్లన్ ప్రూయిట్ నిలబడ్డాడు. మా కౌంటీలో నవంబరు ఎన్నిక పేరుకే. రెండో పార్టీ మనిషినే నిలబెట్టదు. పార్టీ తన మనిషిని ఎంచుకునే మే నెల ప్రైమరీలో గెలిచినవాడే కమిషనరు. ఆశ్రమం అమ్ముడుపోతే అక్కడున్నవాళ్ళను నూట అరవై మైళ్ళ అవతలికి చేరుస్తారు. నాకు చూపు తగ్గి కారు నడపడం మానేసి మూడేళ్ళయింది.

గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూశాను. ఎవరి దగ్గర్నుంచి కదిలినా అలా చూడకుండా పోలేను.

"పోవే, నేనెక్కడికీ పారిపోనులే," అంది.

రాత్రి ఎనిమిదికల్లా ఫైర్ స్టేషన్ హాలుకు వెళ్ళాను. హార్లన్ మనుషులంతా అక్కడే ఉన్నారు. బల్ల మీద హామ్ శాండ్‌విచ్‌లు, చిక్కుడు గింజల కూర, హార్లన్ పేరు క్రీముతో రాసిన కేకు. హార్లన్ మూడో తరగతి నుంచి నా బస్సు ఎక్కినవాడు. ముప్పై ఒక్క ఏళ్ళు బడి బస్సు నడిపాను. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. తరవాత చదువుకున్నదంతా బస్సులోనే, పిల్లలు బడిలో ఉన్నంతసేపూ స్టీరింగు మీద పేపరు పరుచుకుని. అన్నిటికన్నా నాకు ఇష్టమైనది ఎన్నికల మర్నాటి పేజీ. ఒక్కో పోలింగు కేంద్రాన్ని మేము పెట్టె అంటాం. ఏ పెట్టెలో ఎవరికెన్ని పడ్డాయో అందులో వేసేవారు. అవన్నీ కత్తిరించి దాచుకున్నాను. ఆ ఓట్లు ఏ ఇళ్ళవో నాకు తెలుసు. ఆ ఇళ్ళ ముందు బస్సు ఆపినదాన్ని.

ఎనిమిదీ పదికి పోస్టు ఓట్లు చెప్పారు. కాస్టోకు పదకొండు వందల నలభై, హార్లన్‌కు ఆరు వందల తొంభై. హాలంతా చప్పబడిపోయింది. రాజధాని నుంచి పిలిపించుకున్న సలహాదారు డెరిక్ ఫెంటన్ ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు.

"అరవై రెండు శాతం. ఇక్కణ్ణుంచి ఎవడూ లేవలేడు," అన్నాడు.

"అవన్నీ సరస్సు ఒడ్డున కొత్త ఇళ్ళవాళ్ళవి బాబూ," అన్నాను. "వాళ్ళు పోస్టులో వేస్తారు. కొండమీది వాళ్ళకు పోస్టాఫీసే ఎత్తేశారు. వాళ్ళు బడికొచ్చి నిలబడి వేస్తారు. కొండ పెట్టెలు ఏడూ ఇంకా రాలేదు."

"మామ్మగారూ, మా దగ్గర దీనికో కంప్యూటరు మోడల్ ఉంది."

"మీ మోడల్ ఎప్పుడైనా బిర్చ్ రిడ్జ్ కొండ రోడ్డెక్కిందా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఫెంటన్ నవ్వలేదు.

ఎనిమిదీ నలభైకి టౌను పెట్టెలు నాలుగూ వచ్చాయి. నాలుగు వందల యాభై ఉన్న తేడా నాలుగు వందల పదికి దిగింది.

"నాలుగు పెట్టెలకు నలభై తగ్గింది. ఇంకో ఏడు పెట్టెలకు డెబ్భై తగ్గుతుందనుకోండి. అయినా చాలదు," అన్నాడు ఫెంటన్.

"టౌను వేరు, కొండ వేరు," అన్నాను. "ఆరేళ్ళ కిందట బడి మూసేస్తామన్నప్పుడు ఆ ఏడు పెట్టెలే వద్దని నాలుగు వందల పైచిలుకు మెజారిటీ ఇచ్చాయి. వాళ్ళే మనుషులు, అదే కోపం. ఇది ఓటమి కాదు హార్లన్, సరిసమానం. కూర్చో."

హార్లన్ ఫోను పట్టుకుని వంటగదిలోకి పోయాడు. అప్పటికే జనం పలచబడుతున్నారు. ఆరు వారాలుగా హార్లన్ భుజం మీద చెయ్యి తియ్యని హార్డ్‌వేరు షాపు రాస్కో, కోటుకున్న హార్లన్ పేరు బిళ్ళ ఊడదీసి జేబులో వేసుకుని వీధి దాటాడు. కాస్టో విందు ఎదురుగానే జరుగుతోంది. అతని భార్య నాలుగు కేకు ముక్కలు రేకు కాగితంలో చుట్టుకుని మరీ వెనకే పోయింది. అటునుంచి వాళ్ళ నవ్వులు వినబడుతూనే ఉన్నాయి. తిన్న మెతుకులు కడుపులో దిగకముందే ఇంకో పంక్తిలో కూర్చునే జాతి.

కాఫీ కోసం వంటగదిలోకి వెళ్ళబోతే లోపల హార్లన్ గొంతు వినిపించింది, ఫోనులో.

"సరస్సు బోర్డులో కుర్చీ అని నువ్వే అన్నావు డ్వైట్... ఆ. మళ్ళీ లెక్కపెట్టమని అడగను. ఇప్పుడే చెప్పేస్తాలే, అందరూ ఉండగానే."

బయటికొచ్చి నన్ను చూసి ఆగాడు.

"ఏ కుర్చీ?" అన్నాను.

"వెస్టా గారూ, ఓడినప్పుడు మర్యాదగా తప్పుకోవాలి."

"ఓడావని ఎవరు చెప్పారు? ఇంకో గంట ఆగు. మా అక్క సంచి సర్దుకుని కూర్చుంది నాయనా."

"మీకు ఇవన్నీ అర్థం కావు," అని పక్కకు తప్పుకుని మైకు దగ్గరికి పోయాడు. ప్రజల తీర్పు అన్నాడు, శిరసావహిస్తానన్నాడు, నా మిత్రుడు డ్వైట్ అన్నాడు. అప్పటికి ఎనిమిదీ యాభై అయిదు. పదకొండు పెట్టెల్లో ఏడు ఇంకా తెరవలేదు.

తరవాత అవి ఒక్కొక్కటీ వచ్చాయి. బిర్చ్ రిడ్జ్ పెట్టె నుంచి కార్లిస్ ఫోను చేసింది. తన పిల్లలు నా బస్సెక్కే రోజుల నుంచీ నాకు తెలిసిన మనిషి. ఓట్ల యంత్రంలోంచి వచ్చిన పొడుగాటి చీటీని బడి తలుపుకు అంటించారట, అందులోంచి చదివింది.

"నూట ముప్పై ఒకటి మనకి, ఇరవై రెండు వాడికి. వింటున్నావా వెస్టా? వానలో వచ్చి వేశారు. కుంటి లెస్టరు కూడా వచ్చాడు. అక్కడ గంతులేస్తున్నారా?"

"ఆ," అన్నాను. హాల్లో నేనూ, కుర్చీలు మడిచే ఇద్దరు ఆడవాళ్ళూ ఉన్నాం. ఫెంటన్ ల్యాప్‌టాప్ మూసేసి చిక్కుడు గింజలు తింటున్నాడు.

పది గంటలకు ఏడో పెట్టె వచ్చింది. కాస్టోకు ఇంకా తొమ్మిది ఓట్లు ఎక్కువ.

"అరే, దగ్గరికే వచ్చిందే," అన్నాడు ఫెంటన్, గరిటె కోసం వెతుక్కుంటూ.

మళ్ళీ లెక్కపెట్టమని అడిగే హక్కు అభ్యర్థి ఒక్కడిదే. అయిదు రోజులు గడువు. మూడో రోజు కార్లిస్‌ను తీసుకుని, అర్జీ కాగితాలు పట్టుకుని హార్లన్ ఇంటికి వెళ్ళాను. వరండాలోనే నిలబెట్టాడు.

"మాట ఇచ్చేశాను వెస్టా గారూ."

"మాకూ ఇచ్చావు కదా. ఆశ్రమం మెట్ల మీద నిలబడి, ఒలీటా చెయ్యి పట్టుకుని."

"అది గెలిస్తేనని. ఇప్పుడు కౌంటీని రెండుగా చీల్చడం నాకిష్టం లేదు."

"తొమ్మిది ఓట్లు, హార్లన్. చీలే ఉంది," అంది కార్లిస్. "నీకు సంతకం పెట్టడానికి చెయ్యి నెప్పా?"

"దేవుడి దయవల్ల అంతా బాగానే జరుగుతుందమ్మా."

అతని భార్య కాఫీ తెచ్చింది. నేను ముట్టుకోలేదు. చిన్నప్పుడు ఈ పిల్లాడు బస్సులో కక్కుకుంటే నా రుమాలుతో మూతి తుడిచాను. అప్పుడు వెయ్యలేదు అసహ్యం, ఇప్పుడు వేసింది. నోట్లో పుల్లటి నీళ్ళూరితే మెట్లు దిగి వాళ్ళ గులాబీ మొక్కల్లో ఉమ్మేశాను.

జూన్‌లో సరస్సు వ్యవహారాలు చూసే ఆ బోర్డు సభ్యుల పేర్లు పేపర్లో వేశారు. మూడో పేరు హార్లన్ ప్రూయిట్. జనవరిలో కాస్టో ప్రమాణం చేశాడు, మార్చిలో ఆశ్రమం అమ్మారు. అందులో ఉన్నవాళ్ళు నలభై ఒక్క మంది. మే పద్నాలుగో తేదీ, మంగళవారం, ఉదయం తొమ్మిదిన్నరకు మూడు బండ్లలో తీసుకుపోయారు. ఒలీటా రెండో బండిలో వెళ్ళింది. ఆగస్టు ఆరున అక్కడే పోయింది. ఆమె తిరిగి రాలేదు. మిగతా నలభై మందిలోనూ ఇవాళ్టి దాకా ఎవరూ రాలేదు.