బాలవ్వ పేరు

అరబ్బు దేశంలో ఖోర్ ఫక్కాన్ రేవులో, ఓడల మీద పెట్టెలకు గొలుసులు బిగించే పని మాది. 1981లో నా గదిలోకి అబీలియో వచ్చాడు. తిమోర్ దీవివాడు. యుద్ధంలో ఊరు తగలబడితే ఓడెక్కి, ఓడలు మారి ఇక్కడ తేలాడు. బొంబాయి రేవులో నేర్చిన హిందీ మాట్లాడేవాడు. వాడి భాష తెతూన్. మాట్లాడేవాడు ఇంకొకడు లేక నాకు నేర్పాడు.

"హౌ నియా నారన్ అబీలియో." నా పేరు అబీలియో అని. నాది అని చెప్పాలంటే 'హౌ నియా' అనాలి. నా గొలుసు, నా బువ్వ, నా మంచం, అన్నీ నాతో చెప్పించాడు. పెళ్లాం పేరు అడిగినప్పుడు మాత్రం నేను నోరు విప్పలేదు. మా ఊళ్లో మొగుడూ పెళ్లాలు ఒకరి పేరు ఒకరు పలకరు. ఆమె చచ్చి ఏడాదయినా నేను పలకలేదు.

సెలవు మీద పోయిన మా ఊరి హన్మంతు సకినాల మూటతో తిరిగొచ్చాడు.

"అన్నా, మీ తమ్మునికి బిడ్డ పుట్టింది. వదిన పేరు పెట్టుకుంటడట. నిన్నడిగి చెప్పుమన్నడు."

నేను ఇక్కడున్నప్పుడే ఆమెకు జ్వరం ముదిరింది. దవాఖానకు తీసుకుపొమ్మని ఇరుగుపొరుగు చెప్పారు. ఎడ్లు దుక్కిలో ఉన్నాయి, పొద్దుగూకినంక చూద్దామన్నాడు నా తమ్ముడు లచ్చన్న. పొద్దుగూకేసరికి ఆమె లేదు.

"పెట్టద్దని చెప్పు."

"ఆ పేరుతోటి నువ్వు ఒక్కనాడన్న పిల్చినవానే? దాచుకొని ఏం జేస్తవ్, తొక్కు పెడ్తవా?"

సంగతేమిటని అబీలియో అడిగాడు. హన్మంతు హిందీలో చెప్పాడు.

"ఇచ్చెయ్," అన్నాడు అబీలియో. "మా దగ్గర పోయినవాళ్ల పేరు పిల్లలకు పెడతాం. పేరు వెంట మనిషీ ఇంటికొస్తుంది."

"ఆ ఇంటికా?"

వాడు నేర్పిన మాటలే వాడాను. "హౌ నియా ఫేన్ నియా నారన్ బాలవ్వ." నా పెళ్లాం పేరు బాలవ్వ.

హన్మంతు తల దించుకున్నాడు.

"నాది," అన్నాను. "ఇయ్య. ఖలాస్."

నాలుగేళ్లకు ఊరికి పోయాను. అరుగు మీద కూర్చున్నాను. లచ్చన్న లోపలికి కేకేశాడు.

"బాలవ్వా, పెద్దబాపుకు నీళ్లు తేవే."

చిన్నపిల్ల రెండు చేతులతో చెంబు పట్టుకొచ్చింది.

"నీ పేరేంది?"

"బాలవ్వ."

"అది నీది కాదు."

పిల్ల తండ్రి దిక్కు చూసింది. వాడు గోడ దిక్కు చూశాడు. పిల్ల చెంబు నా పక్కన పెట్టి లోపలికి పోయింది.

నేను నీళ్లు ముట్టలేదు.