మెమరీ: నాలుగు

తోటపల్లి గూడూరు దగ్గర విజయభాస్కర్ గారికి పద్దెనిమిది రొయ్యల చెరువులున్నాయి. నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో పావుగంటకోసారి ఫోన్లకు పంపే సాఫ్ట్‌వేర్ ఒక వర్చువల్ మెషీన్‌లో నడిచేది. అంటే, ఆఫీసులోని పెద్ద కంప్యూటరు తన పొట్టలో పెట్టుకుని మోసే ఉత్తుత్తి కంప్యూటరు. దానికి మెమరీ ఎంత, డిస్కు ఎంత అన్నదంతా ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఎలిశబెతు, ఎక్స్ఎంఎల్ అనే పద్ధతిలో తొంభై వరుసల ఫైలుగా రాసిపెట్టింది. మూడేళ్ళుగా ఆ ఫైలు ఎవరి జోలికీ పోకుండా తన పని తాను చేసుకుంటోంది. అదే దాని తప్పయింది.

చెన్నై నుంచి సుశీల్ కుమార్ అనే సలహాదారు వచ్చాడు. ఫైలు చూసి, పప్పులో పురుగు కనబడ్డట్టు ముఖం పెట్టాడు.

"ఇంకా ఎక్స్ఎంఎలా? ఇప్పుడు లోకమంతా యామల్ అండీ."

"బాగానే నడస్తా ఉంది గదా సార్," అంది ఎలిశబెతు.

"నడవడం వేరు, ఆధునికంగా నడవడం వేరు."

ఈ మాట విజయభాస్కర్ గారికి ఎంత నచ్చిందంటే, ఆయన రెండోసారి కాఫీ తెప్పించారు. సాయంత్రానికి తొంభై వరుసలు యామల్ పద్ధతిలో పన్నెండయ్యాయి. ఒకసారి చూస్తానని ఎలిశబెతు అడిగితే, "కొత్తది కదా, అలవాటు పడ్డాక చూద్దురు గాని," అన్నాడు సుశీల్ కుమార్. తెల్లవారి అయిదింటికి మెషీన్ తనంతట తానే కొత్త ఫైలుతో లేచేట్టు పెట్టి, హోటలుకు వెళ్ళిపోయాడు.

అది లేవలేదు. ఆరున్నరకు చెరువుల దగ్గర కాపలా ఉండే కామాక్షయ్య ఫోన్ చేశాడు.

"అమ్మా, ఫోన్లో అంకెలు రాలా. మూడో చెరువులో రొయ్యలు గాలాడక పైకొచ్చి తిరగతా ఉండాయి. నేనే అన్నిటికీ నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఏసేసినా."

ఎలిశబెతు పరుగున ఆఫీసుకు వచ్చింది. సుశీల్ కుమార్ ఏడున్నరకు ఇస్త్రీ చొక్కాతో దిగాడు. ముందు నెట్‌వర్క్‌ను తిట్టాడు. తరవాత సముద్రపు గాలికి కేబుళ్ళు తుప్పుపట్టాయన్నాడు. ఈలోగా ఆమె కొత్త ఫైలు తెరిచి చూసింది.

"సార్, మెమరీ నాలుగు అని రాసినారు. నాలుగు ఏంది?"

"నాలుగు జీబీ. అర్థమైపోతుంది కదండీ!"

"మీకు అర్థమైంది. దానికి కాలా. పక్కన ఏమీ రాయకపోతే అది కిలోబైట్లనుకుంటుంది."

పాత ఫైల్లో నాలుగు పక్కన జీబీ అని ఉండేది. అది చెత్తగా ఉందని సుశీల్ కుమార్ తీసేశాడు. పద్దెనిమిది చెరువుల కాపలాకు, ఒక ఉత్తరం మాత్రం పట్టే నాలుగు కిలోబైట్లు! ఎలిశబెతుకు నవ్వొచ్చింది కానీ, గట్ల మీద ఒక్కడే పరుగెత్తిన కామాక్షయ్య గుర్తొచ్చి ఆగిపోయింది.

పాత ఫైలు పెట్టిన రెండు నిమిషాలకు అంకెలు వచ్చాయి. మూడో చెరువులో కొన్ని రొయ్యలు తేలాయి, మిగతావి బతికాయి.

"మెమరీ పొదుపుపై ప్రయోగం" జరిగినట్టు సుశీల్ కుమార్ నివేదిక రాశాడు. విజయభాస్కర్ గారు అది చదివి మురిసిపోయి, పన్నెండు వరుసల ఫైలుకు ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకు తగిలించారు. వచ్చినవాళ్ళు దాన్ని మెచ్చుకుంటూ ఉంటే, ఎలిశబెతు తలొంచుకుని, తన తొంభై వరుసలను ఇంకో చోట కూడా కాపీ చేసి దాచుకుంది.