ఎడమకు తిరిగిన దయామణి

దయామణి సినిమాలో చేసిందంటే ఆగిరిపల్లి మొత్తంలో నమ్మేవాళ్లు ఇద్దరే. ఒకరు దయామణి, రెండోవారు పైనున్న ప్రభువు.

మిగతా ఊరికి అదో వేడుక. పదహారేళ్ల వయసులో ఊరి మామిడితోటలో షూటింగ్ జరిగితే, కాయల బుట్ట నెత్తిన పెట్టుకుని హీరోయిన్ వెనక తను ఆడిందనీ, డాన్సు మాస్టారు "భలే పిల్లవే!" అని మెచ్చుకున్నాడనీ ఆవిడ చెప్పని గడప లేదు. సాక్ష్యమేదీ? ఆ సినిమా వారం తిరక్కుండానే డబ్బాలు సర్దుకుంది, ఈ ఛాయలకే రాలేదు. వచ్చినా వాళ్ల నాన్న, చర్చి సంఘపెద్ద నతానియేలుగారు కూతుర్ని హాలు గుమ్మం తొక్కనిచ్చేవారా! తన బొమ్మ తను చూసుకోకుండానే దయామణి అంగన్‌వాడీ టీచరైంది, అమ్మమ్మ కూడా అయిపోయింది పాపం.

"పాపమేంటి, కోతలు!" అనేది కమల. మామిడి వ్యాపారి పాండురంగారావు భార్య, ఎదురింటావిడ, చిన్నప్పటి నేస్తం. "నువ్వు గనక తెరమీద కనపడితే, ఆ తెర ముందే నేను డాన్స్ చేస్తానే!" అని పదిమందిలో పందెం కూడా కాసింది.

ఈ వేసవిలో వచ్చిన ఈదురుగాలి తోటల్లో కాయతో పాటు ఊరి సినిమా హాలు రేకులు కూడా రాల్చేసింది. హాలు ఊరందరిదీను. పెళ్లి భోజనాలు, క్రిస్మస్ నాటకాలు, ఆదివారం సినిమాలు, అన్నీ అందులోనే. రేకుల కోసం బెనిఫిట్ షో వేద్దామన్నాడు ప్రొజెక్టర్ నడిపే సతీష్. ఏ సినిమా? మన తోటల్లో తీసిందే! బెజవాడలో ఎవరి గోడౌన్లోనో మూలుగుతున్న ప్రింటు వెతికి, కంప్యూటర్లోకి ఎక్కించి పట్టుకొచ్చాడు.

ఆ వారమంతా దయామణికి అన్నం సహించలేదు. "నా ముక్క కత్తిరించేసి ఉంటే ఏంటండీ గతి?" అని మొగుడి ప్రాణం తోడేసింది.

"ఉంటే ఉంటావు, లేకపోతే లేదు. ముందు ఆ పట్టుచీర కట్టుకో" అన్నాడు సలోమోను.

షో రోజు పొద్దు గూకేసరికి విస్సన్నపేట నుంచీ, జి. కొండూరు నుంచీ బళ్లమీద జనం దిగారు. పైన రేకులు లేనిచోట చుక్కలు, కింద ఈలలు. ముందు వరసలో పాండురంగారావు, పక్కన కమల, ఆ పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దయామణి.

ఇంటర్వెల్ దాటింది. పాట వచ్చింది. "అదిగో, మన తోటే!" అని ఎవరో అరిచారు. హీరోయిన్ వెనక లంగావోణీల్లో అమ్మాయిలు, నెత్తిన బుట్టలు. అందరూ కుడికి తిరిగారు. ఒక్కతి మాత్రం ఎడమకు తిరిగింది, పక్కపిల్లను గుద్దింది, బుట్టలోంచి కాయ దొర్లింది, నాలుక కరుచుకుంది. రెప్పపాటే. మళ్లీ హీరోయిన్.

జనమంతా హీరోయిన్నే చూస్తున్నారు. ఆ పిల్లను దయామణి ఒక్కతే చూసింది. చూడగానే అసలు సంగతి గుర్తొచ్చింది. మెచ్చుకోవడమా! ఆ మాస్టారు కొట్టడం ఒక్కటే తక్కువ. ఆ తిట్లనే మెప్పుగా చెప్పీ చెప్పీ చివరికి తనే నమ్మేసింది.

"ఏదే? ఎక్కడే నువ్వు?" అని కమల మోచేత్తో పొడిచింది.

ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి. నోరు మూసుకుంటే చచ్చేదాకా కోతలమారి. నోరు విప్పితే ఊరంతా చూసేది ఆ తప్పునే. కానీ ఎంత ముద్దుగా ఉందమ్మా ఆ పిల్ల! ఆ బుగ్గలు, ఆ కంగారు! ఇంకొక్కసారి చూడకపోతే దయామణి ప్రాణం నిలిచేలా లేదు. దిగ్గున లేచి నిలబడింది.

"వన్స్ మోర్!"

"ఊరికే వెయ్యనండీ టీచరుగారూ, రేకులకేమన్నా రాల్చాలి!" అన్నాడు సతీష్ వెనకనుంచి.

అంతే, పాండురంగారావు లేచాడు. మామిడి మార్కెట్లో పుట్టిపెరిగిన నోరు అది, వేలం వెయ్యకపోతే ఊరుకుంటుందా? "వన్స్ మోర్ నాది, ఒక రేకు ఖరీదు! రెండు ఎవరండీ?"

"రెండు!" అన్నారు విస్సన్నపేటవాళ్లు.

"మూడు!" అని సలోమోను అరిచాడు. పెళ్లాం కోసం ఆయన అంత గొంతు పెంచడం ఊరు ఎన్నడూ వినలేదు.

ఒకటోసారి, రెండోసారి, మూడోసారి! పాట మళ్లీ వచ్చింది. దయామణి తెర దగ్గరికి పరిగెత్తింది. "అదుగో, ఎడమకు తిరుగుతుంది చూడండి! అది నేనే! తప్పు స్టెప్పేసింది నేనే! మాస్టారు మెచ్చుకోలేదు, తిట్టాడు!" అని నలుగురిలో ఒప్పేసుకుని, సిగ్గుతో నాలుక కరుచుకుంది.

సరిగ్గా అప్పుడే తెరమీద పిల్ల కూడా కరుచుకుంది. అదే నాలుక, అదే వంకర మొహం. అయ్యబాబోయ్, హాలు దద్దరిల్లిపోయింది!

"నువ్వేనే! నిజంగా నువ్వేనే!" అని కమల వచ్చి వాటేసుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియలేదు. తర్వాత పమిట బొడ్లో దోపింది. మాటంటే మాటే.

వన్స్ మోర్ మళ్లీ వేలానికొచ్చింది, ఈసారి రేకులు ఎగబడ్డాయి. పాట మొదలవగానే తెర ముందు దయామణి ఎడమకు తిరిగింది, ఒక్క స్టెప్పూ రాని కమల ఆవిణ్ణి చూసి తనూ ఎడమకే తిరిగింది. కమలను చూసి ముందు వరస, ముందు వరసను చూసి హాలంతా ఎడమకే తిరిగింది. పాండురంగారావు ఒక్కడు తెరమీద వాళ్లలా కుడికి తిరిగి పెళ్లాన్ని గుద్దాడు.

"అటు కాదండీ అన్నయ్యగారూ, తప్పు! ఇటు తిరగాలి, ఇటు!" అని దయామణి కసిరింది.

ఆయన నాలుక కరుచుకుని ఎడమకు తిరిగాడు.